రెండు బంతులు, ఒక పంపు

ఎల్లాజీని మేం అమ్ముకున్న ధర అది.
కొలంబో క్లబ్బువాళ్ళు పంపిన అట్టపెట్టెని
సెక్రటరీ గారు పెన్సిలు చెక్కే బ్లేడుతో కోసి
లెక్క చూసుకుని
ఎన్ఓసీ మీద సంతకం గీసేశారు.
పంపు మూడోనాడే పాడైంది.
బంతులున్నాయి ఇంకా.
ఒకదాని పొట్ట మీద ఎవరో వాడి పేరు రాశారు,
ఎవరో కొట్టేశారు.

పెద్ద జాలరిపేటకి రగ్బీ ఎలా వచ్చిందంటే
ఎవడి కథ వాడిది.
పోర్టులో దిగిన ఫిజీ కళాసీ ఒకడు
సారా బాకీ కింద కోడిగుడ్డు బంతి వదిలిపోయాడంటాడు మా చినమావ.
మాలో సగం మంది న్యూజిలాండు, సగం దక్షిణాఫ్రికా.
ఏది ఎటుందో చూపించమంటే
అందరం సముద్రం వైపే చెయ్యెత్తేవాళ్ళం.
తెల్లారుజామున ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఫోన్లో మ్యాచి.
నల్లచొక్కాలు ఓడితే నేనొక వంజరం ఇవ్వాలి,
పచ్చచొక్కాలు ఓడితే ఎల్లాజీ.
వాడెప్పుడూ నాలుగు కవళ్ళు తెచ్చి
"ఇయ్యి దాని పిల్లలే, పెంచుకో" అనేవాడు.

వాడెళ్ళిపోయాక తిట్టాం.
అద్దె తెడ్డు అని పేరుపెట్టాం.
వాళ్ళమ్మ నూకాలు రేవులో తట్ట దించి
"మీరిచ్చీసినారు, ఆడెల్లినాడు,
అమ్మినోళ్ళకి మళ్ళీ నోరు కూడానా?" అంది.
ఆ తర్వాత ఆమె లేనప్పుడే తిట్టాం.

మొన్న ఫిబ్రవరిలో వచ్చారు కొలంబోవాళ్ళు, రైల్వే గ్రౌండుకి.
నీలం చొక్కాలో ఎల్లాజీ, ముందు వరసలో,
సరిగ్గా నాకెదురుగా.

స్క్రమ్ అంటే చెప్పాలి మీకు:
ఎనిమిది మంది మెడలు పెనవేసుకుని వంగి
ఎదుటి ఎనిమిది మందిని తొయ్యడం.
పగవాడి చెవి మీ చెవికి రాసుకుంటుంది.
నలిపి పడేసిన బస్సు టిక్కెట్టులాంటి ఆ చెవి
నా తల చేసిన పనే.
నాది వాడి పని.

"బొమ్మిడాలు మానీసినావేటిరా, తేలికైపోనావు" అన్నాడు.
"నీ రేటు పెరిగినాదంట, ఇప్పుడు మూడు బంతులా?" అన్నాను.
కలకత్తా రిఫరీకి తెలుగు రాదు,
నవ్వు మాపమని మాత్రం సైగ చేశాడు.

డెబ్భై ఆరో నిమిషం.
మేం ఒక్క పాయింటు పైన.
వాళ్ళ కెప్టెన్ సింహళంలో లెక్కపెడుతున్నాడు,
ఎకయ్, దెకయ్...
అప్పుడు ఎల్లాజీ గొంతులోంచి
హైలెస్సా!

పుట్టిన కాణ్ణించీ మేం తోసింది తక్కువ, లాగింది ఎక్కువ.
అలివి వల తాడు నడుముకి చుట్టుకుని
ఇసకలో వెనక్కి వెనక్కి నడిచిన మడమలు మావి.
బుర్రకి కబురందేలోపే
నేనూ, తెడ్డు దాసూ, గరికిన అప్పన్నా
ముగ్గురం ఒక్కసారిగా వెనక్కి లాగేశాం.
అలకి ఎదురెళ్ళిన తెప్పలా
స్క్రమ్ మొత్తం బోర్లాపడింది.
ఈల. పెనాల్టీ. వాళ్ళకి మూడు.
రెండు పాయింట్లతో ఓడిపోయాం,
అదీ మా సొంత కేక విని.

కావాలని అన్నాడా?
పేట మళ్ళీ సగం సగం చీలింది.
గంగమ్మ తోడు, ముందే అనుకుని వచ్చాడంటాడు దాసు.
బరువు మెడ మీద పడితే
ఏ చొక్కాలో ఉన్నోడికైనా నోట అదే వస్తుందంటాడు అప్పన్న.
నన్నడుగుతారు, చెవి పక్కనున్నది నేనే కాబట్టి.
ఆ కేక చివర వాడి గొంతు చీలింది.
అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఫిషింగ్ హార్బర్లో
బేరమాడకుండా కొన్నాడు వంజరం,
ఆరు కిలోలుంటుంది.
తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.
"గెలిచినోడివి, నువ్వేటి ఇచ్చీది?" అన్నాను.
అవతల వాళ్ళ బస్సు హారన్ కొడుతోంది.
"ఆ కవళ్ళేరా" అన్నాడు,
"నువ్వు పెంచనేదు కదా.
నానే పెంచినాను."